సభలనుండి తెరవరకు: పాటబృందముల పుట్టుక

మా కౌల్ బజారు పేరులోనున్న ‘కౌలు’ అను మాట మనకందరకు తెలిసినదే. పొలమును కౌలున కిచ్చుట, కౌలుదారు, కౌలునామా అని దినదినమును వాడుచునే యున్నాము. అరబ్బీభాషలో దీనికి మూలమైన పదమునకు ‘పలుకు’, ‘ఇచ్చిన మాట’ అని యర్థము. దర్గాలలో గుంపుగా కూర్చుండి పాడు పాటకు ‘కవ్వాలీ’ యను పేరును ఆ మూలమునుండియే వచ్చినది. ఒక్క మాటయే ఒకవంక ఒడంబడిక యైనది, మరొకవంక బృందగాన మైనది. దండు దాపున పెరిగి, తెలుగు, కన్నడము, ఉర్దూ, తమిళము ఒకే వీధిలో వినవచ్చు పేటలో నివసించువారికి ఇట్టి మాటలపై దృష్టి పోవుట సహజము.

ఈ సంచికకు మేము ఎన్నుకొన్న విషయమును చూచి పెద్దలు కొందరు ఆశ్చర్యపడవచ్చును. టెలివిజనుతెరపై ప్రజలయెదుట పాటలపోటీ పెట్టి, గెలిచినవారిచేత ఒడంబడికపై చేవ్రాలు చేయించి, వారినే ఒక క్రొత్త పాప్ సంగీతబృందముగా కూర్చుట యనునది ఆ విషయము. విజయనగరమును గూర్చియో, హంపి శిల్పమును గూర్చియో వ్రాయవలసిన తావున దీనికి పని యేమి యని యడుగువారికి మా సమాధాన మొక్కటియే. పాడువారు ఒకచో చేరి ఒక సమాజముగా ఏర్పడుట యెట్లను ప్రశ్నకు బళ్లారి యిచ్చిన సమాధాన మొకటి కలదు. నూటముప్పది యేండ్లు దాటిన యా సమాధానమును ఈ క్రొత్త వేడుకప్రక్క నుంచి చూచినగాని దాని విలువ తెలియదు.

బృందమును అంగడిసరకువలె కూర్చుట యిరువదియొకటవ శతాబ్దమున పుట్టినది కాదు. 1965లో అమెరికాలో ఒక టెలివిజను ధారావాహికకై నలుగురు యువకులు కావలెనని పత్రికలో ప్రకటన వేసిరి. నాలుగు వందలకు పైగా అభ్యర్థులు వచ్చిరి. తుదకు ఏర్చిన నలుగురే ‘మంకీస్’ అను బృందమైరి. వారు తెరమీద పాటకుల పాత్రలు ధరించిరి, పాటలును రికార్డులుగా అమ్ముడుపోయినవి. కాని మొదటి రికార్డులలో వాద్యములను వాయించినవారు చాలవరకు వేరు. తమ వాద్యములను తామే వాయించు హక్కునకై ఆ నలుగురును తమ యజమానులతో 1967లో పోరాడవలసి వచ్చెను. వేషగాండ్రుగా తెచ్చినవారు నిజముగా పాటకులమగుదుమని పట్టుపట్టిన యీ ముచ్చట మాకు మిక్కిలి యిష్టము. 1994లో ఇంగ్లండులో ‘స్పైస్ గర్ల్స్’ అను యువతుల బృందమును ఇట్లే పత్రికాప్రకటనతోనే ఏర్చిరి. అయినను ఆ యేర్పాటంతయు తెరచాటున జరిగినది. ప్రజలు చూచినది వండి వడ్డించిన విస్తరినే.

1999లో న్యూజీలండు దేశమున జోనథన్ డౌలింగ్ అను నిర్మాత అతిథులను వంటయింటిలోనికే పిలిచెను. ఆతని కార్యక్రమము పేరు ‘పాప్‌స్టార్స్’. పాడగల యువతులు రావలెనని పిలుపు, వరుసలలో నిలిచినవారి యాతురత, ఒక్కొక్కరు న్యాయనిర్ణేతల యెదుట పాడు కొలది నిమిషములు, తీసివేయబడినవారి కన్నీరు, మిగిలినవారికి నృత్యము, స్వరము, నడక నేర్పు శిక్షణ, తుదకు ఐదుగురి పేర్ల ప్రకటన, పిమ్మట రికార్డు తయారీ, ఇట్లు మొదటినుండి చివరివరకు వారము వారము తెరపై చూపబడినది. అట్లు పుట్టిన ‘ట్రూబ్లిస్’ బృందపు తొలి రికార్డు ఆ దేశపు అమ్మకపు పట్టికలో మొదటిస్థానము నందినది. ఇందులోని కిటుకును గమనింపుడు. సాధారణముగా బృందము ముందు పుట్టును, రికార్డు పిదప వచ్చును, ప్రజాభిమానము అన్నిటికంటె చివర కలుగును. ఇచ్చట అభిమానమే ముందు పుట్టినది. రికార్డు అంగడికి వచ్చునాటికి కొనువారు ఆ యైదుగురిని తమ యింటి యాడపడుచులవలె ఎరిగియుండిరి. వాణిజ్యదృష్టితో చూచిన యింతకంటె మేలైన పన్నుగడ దుర్లభము. మరుసటియేడు ఆస్ట్రేలియాలో ‘బార్డో’ అను బృందము ఇట్లే పుట్టినది. జర్మనీలో ‘నో ఏంజెల్స్’ పుట్టిరి. ఈ పద్ధతి దేశదేశములకు పాకినది.

ఇంగ్లండులో జరిగినది మాత్రము కొంచెము నిలిచి చెప్పదగినది. 2001లో అచ్చటి ‘పాప్‌స్టార్స్’ పోటీలో ముగ్గురు యువతులు, ఇరువురు యువకులు గెలిచి ‘హియర్‌సే’ యను బృందమైరి. వారి తొలి రికార్డు ఒక్క వారములో 5 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయినది. ఆ జయధ్వానము ఎంతకాలము నిలిచినది? 2002 అక్టోబరులో బృందము విడిపోయినది. ఇక ఆ పోటీ తుదివరకు వచ్చి ఓడిపోయిన యైదుగురు తమలో తాము కూడి ‘లిబర్టీ ఎక్స్’ అను పేరిట పాడుట మొదలిడిరి. 2002లోనే వారి పాట ఇంగ్లండు పట్టికలో మొదటిస్థానమున కెక్కినది. 2007వరకు వారు కలసి పాడిరి. గెలిచినవారిని కూర్చినది పోటీ, ఓడినవారిని కూర్చినది స్నేహము. వ్యాపారము, అదృష్టము మున్నగు కారణములు వేరే యుండవచ్చును గాని ఈ రెండు బృందముల ఆయుర్దాయములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడు మాకు బళ్లారి సభలే జ్ఞప్తికి వచ్చినవి. ఆ సంగతి ముందు చెప్పెదము.

మన దేశమున ఈ వేడుక 2002లో ‘చానెల్ వి’ వారి తెరపై జరిగినది. ఒక శీతలపానీయపు పేరును ముందు తగిలించుకొని వచ్చిన యా ‘పాప్‌స్టార్స్’ పోటీలో ఐదుగురు యువతులు ఎన్నికయి ‘వీవా’ యను బృందమైరి. అనుష్కా మన్‌చందా, ప్రతీచీ మహాపాత్ర, నేహా భసీన్, సీమా రామ్‌చందానీ, మహువా కామత్ అనువారు ఆ యైదుగురు. దూరము దూరము ప్రాంతముల పేర్లు ఒక పాటలో కలిసినందుకు ఆనాడు ఎల్లరును సంతసించిరి. తొలి పాటలు దేశమంతట మ్రోగినవి. కొలదికాలమునకే ఒకరు తప్పుకొనిరి. రెండు ఆల్బములు వెలువడిన పిదప బృందమే లేకపోయినది. 2003లో రెండవ పోటీ జరిగి, ఇరువురు స్త్రీలు, ఇరువురు పురుషులతో ‘ఆస్మా’ పుట్టినది. నీతి మోహన్, వసుధా శర్మ, జిమ్మీ ఫెలిక్స్, సంగీత్ హల్దీపూర్ అందలివారు. అదియు చిరకాలము నిలువలేదు. అయిన ఆ పోటీ వ్యర్థమని మే మనము. ఆ బృందములు చెదరినవి గాని గొంతులు చెదరలేదు. నేహా భసీన్, నీతి మోహన్ పిదప హిందీచిత్రములలో ఖ్యాతి గాంచిరి, మన తెలుగు చిత్రములలోను పాడిరి. బృందము నిచ్చెనగా ఉపయోగపడినదన్నమాట. నిచ్చెన నెక్కినవారు దానిని మోసికొని పోవరుగదా!

ఆ పోటీలు జరిగినపుడు కౌల్ బజారు ఇండ్లలోను కేబుల్ తీగలు వచ్చియుండెను. ఒకే పెట్టెలో హైదరాబాదు తెలుగు, బెంగుళూరు కన్నడము, బొంబాయి హిందీ మూడును వచ్చుచుండుటచేత మా పిల్లలు మూడింటిని సమముగానే చూచిరి. తాతలు తెలుగువార్తలకై వేచియుండగా మనుమరాండ్రు హిందీపాటల బృందమును అనుకరించుచు వసారాలో ఎగురుచుండిరి. పెద్దలు విసుగుకొనిరి. మేమును విసుగుకొన్నవారిలో ఒకరమే. కాని ఆ పిల్లలు ఒక్కొక్కరు పాడక ఐదుగురు చేరి, నీ వీ చరణము, నేనా చరణము అని పంచుకొని పాడుట మా కంటబడినది. సినిమాపాటవలన అలవడని గుణమది. మన పాతపాటల పుస్తకములు జ్ఞాపకము తెచ్చుకొనుడు. పాడినవారు ఘంటసాల, బృందము అని యుండును. ఆ బృందములో ఎవరుండిరో, వారి పేర్లేమో ఎవ్వరికి తెలియదు. బృందమనగా పేరులేనివారని మనకొక తలంపు పాతుకొన్నది.

అట్లని తెలుగువారికి బృందమే తెలియదనుట తప్పు. బుర్రకథలో ముగ్గురుందురు. నడుమ కథకుడు, ఒకప్రక్క హాస్యము చెప్పువాడు, మరియొకప్రక్క రాజకీయము చెప్పువాడు. ఎవరి పని వారిది, తందానతాన యందరిది. నేటి పాప్ బృందములలో ఒకరిని అల్లరిపిల్లగా, ఒకరిని గంభీరముగా, ఒకరిని చిన్నారిగా తీర్చి నిలుపు నేర్పు, 1986లో పద్మశ్రీ నందిన నాజర్ వంటి బుర్రకథకులకు క్రొత్తది కాదు. ఇక కోలాటము, భజనగోష్ఠి సంగతి చెప్పనక్కరలేదు.

సమాజములు పుట్టుటకు మన ప్రాంతమున రెండు పెద్ద త్రోవలుండెను. ఒకటి రక్తసంబంధము. 1885లో కడపజిల్లా సురభి గ్రామమున కీచకవధ నాటకముతో వనారస గోవిందరావుగారు మొదలిడిన సురభి సమాజము అట్టిది. తండ్రి వేషము కట్టిన తెరవెనుకనే తల్లి వంట చేయును, బిడ్డ అచ్చటనే నడక నేర్చును, నడక నేర్చిన మరునాడే బాలకృష్ణుడగును. ఆ కుటుంబములవారు నేటికిని నాటకములాడుచునే యున్నారు. ఒడంబడిక అక్కరలేని బృందమది.

రెండవ త్రోవ బళ్లారిది. 1886లో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు బళ్లారిలో సరసవినోదినీ సభను స్థాపించిరి. ఆయన వకీలు. సభలో వేషములు ధరించినవారును పగలు వేరు వృత్తులు చేయుచు సాయంకాలము రంగమున కెక్కినవారే. వీరిని రక్తసంబంధము కలుపలేదు, వేతనము కలుపలేదు. ఒక పట్టణమున నివసించుట, ఒక కళను ప్రేమించుట, నలుగురిలో మాట నిలుపుకొనుట అను మూడే వారిని కలిపినవి. 1887లో ఆచార్యులవారి చిత్రనళీయము ప్రదర్శింపబడినది. తెలుగు రంగస్థలమున పద్యములను, పాటలను రాగయుక్తముగా పాడించు మర్యాదను నెలకొల్పినవారిలో ఆయనయే ముఖ్యులు. విషాదాంతనాటకమును తెలుగువారికి అలవరచినదియు ఆయన విషాదసారంగధరయే. ఆంధ్రనాటకపితామహుడను బిరుదు ఊరక రాలేదు.

ఇచ్చట మన సరిహద్దువారు మరువరాని సంగతి యొకటున్నది. ఆ పాటలు గోదావరితీరమునుండి రాలేదు. ధార్వాడప్రాంతమునుండి, బొంబాయినుండి తిరుగుచు వచ్చిన కన్నడ, పార్సీ నాటకకంపెనీల సంగీతధోరణి బళ్లారిలో విని, దానిని తెలుగునకు మలచుకొన్నారు. ఆచార్యులవారికి కన్నడము బాగుగా తెలియును. తెలుగునాటకమునకు పాటను నేర్పినది సరిహద్దు. రాజధాని కాదు, సరిహద్దు! మనము తెలుగునకు దూరమైన అంచున నున్నామని నిట్టూర్చునపుడెల్ల ఈ మాట తలచుకొనవలెను.

అదే పట్టణమున కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమసభ వెలసినది. ఆయనయు వకీలే. చారిత్రకనాటకములకు తెలుగున ఆయన పేరు గొప్పది. ఒకే ఊరిలో రెండు సభలు, రెంటికి ఇరువురు ఉద్దండులు, ఇరువైపుల అభిమానులు! స్పర్ధ లేకుండుట యెట్లు? ఒకరు పౌరాణికము నాడిన నింకొకరు చారిత్రకము నాడిరి. 2002లో ఇంగ్లండువారు ఒకే పోటీనుండి యువతుల బృందమొకటి, యువకుల బృందమొకటి కూర్చి, వారి రికార్డులను పండుగదినములలో ఎదురెదురుగా నిలిపి, ఎవరు నెగ్గుదురో చూడుడని వేడుక చేసిరి. అందు నెగ్గినది ‘గర్ల్స్ అలౌడ్’ అను యువతుల బృందము. ఆ వార్త చదివినపుడు, ఇది మా బళ్లారివారు ఎన్నడో చూచిన వేడుకయే గదా యని మేము నవ్వుకొంటిమి. తేడా యొక్కటే. బళ్లారిలో ఆ స్పర్ధను ఏ వర్తకుడును కొనలేదు.

బళ్లారి రాఘవాచార్యులవారు (1880–1946) ధర్మవరమువారికి మేనల్లుడు. ఆయనను గూర్చి ఈ సంచికల పాఠకులకు క్రొత్తగా చెప్పవలసినది లేదు. మన విషయమునకు కావలసిన రెండు సంగతులు మాత్రము మనవి చేసెదము. మొదటిది, మేనమామ తెచ్చిన పాటను మేనల్లుడు తగ్గించెను. రాగాలాపనకై పాత్ర చచ్చిపోరాదని ఆయన వాదము. మరణించిన పాత్రయు ‘వన్స్‌మోర్’ కేకకు లేచి పద్యము పాడు కాలమున ఈ వాదము చేయుటకు గుండె కావలెను. రెండవది, స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టి, కులస్త్రీలు రంగమెక్కుటకు త్రోవ చేసెను. తెలుగు, కన్నడము, హిందీ, ఆంగ్లము నాలుగింటను నటించి, ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను దర్శించి వచ్చిన యా మహానటుడు తన యూరిపేరునే యింటిపేరుగా చేసికొనెను. వీవా బృందములోని యువతులు ఏ యూరివారని యడిగిన ఎవరు చెప్పగలరు?

ఆ సభలు నేడు లేవు. రాఘవగారి పేర కళామందిరము నిలిచియున్నది. సభలెందులకు లేకపోయినవను ప్రశ్నకు సినిమా యని ఒక్కమాటలో చెప్పుట అలవాటు. రాఘవగారే ద్రౌపదీమానసంరక్షణము (1936), రైతుబిడ్డ (1939) చిత్రములలో నటించిరి. కాని మా యభిప్రాయమున 1953 అక్టోబరు 1వ తేదీకి కూడ ఇందు భాగమున్నది. ఆనాడు ఆంధ్రరాష్ట్ర మేర్పడగా ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు పోయినవి, బళ్లారితో కూడిన యేడు తాలూకాలు మైసూరున చేరినవి. మిశ్రాగారి విచారణ, ఆనాటి వాదోపవాదములు, ఉభయపక్షముల ఆవేశము ఇచ్చట త్రవ్వ నవసరము లేదు. ఏడు దశాబ్దములు గడచినవి. కన్నడసోదరులతో మనము కలసి మెలసి యున్నాము. అయినను పాడగల, ఆడగల తెలుగుబిడ్డ తన యూరిలోనే పెద్దపేరు తెచ్చుకొను కాలము ఆ దినముతో వెనుకబడినది. అటుపిమ్మట పేరు కావలెనన్న మద్రాసునకో, హైదరాబాదునకో, బెంగుళూరునకో పోవలసినదే.

మద్రాసనగానే బాలసుబ్రహ్మణ్యముగారు గుర్తునకు వత్తురు. ఆయనయు సరిహద్దుబిడ్డయే. 1946 జూన్ 4న ఆయన పుట్టిన కోనేటమ్మపేట నేడు తమిళనాడున తిరువళ్ళూరు జిల్లాలో నున్నది. 1964లో మద్రాసులోని ఒక తెలుగు సాంస్కృతికసంస్థ ఔత్సాహికగాయకులకు పెట్టిన పోటీలో ఆయనకు ప్రథమబహుమతి వచ్చినది. పోటీలలో ఆయన గొంతును గుర్తించిన ఎస్.పి. కోదండపాణిగారే 1966లో శ్రీ శ్రీ శ్రీ మర్యాదరామన్న చిత్రమున తొలి యవకాశ మిచ్చిరి. తక్కినది లోకవిదితము. పరరాష్ట్రమున వసించు తెలుగువారు చందాలు వేసికొని నడపిన వేదికపై ఒక విద్యార్థి పాడిన పాట యిది. మన సంఘముల వార్షికోత్సవములలో పిల్లల పాటలపోటీని కాలక్షేపముగా తలచి కుర్చీలు సర్దుకొనుచు మాటలాడుకొనువారు దీనిని గమనింపగోరెదము.

ఆ కాలముననే ఆయన ఒక లలితసంగీతబృందమును నడపిరి. అందు ఇళయరాజా, గంగై అమరన్, భాస్కర్ సోదరులుండిరి. ఊరూరు తిరిగి కచేరీలు చేసిన యా కుఱ్ఱవాండ్ర బృందమును ఏ టెలివిజనును కూర్చలేదు. దక్షిణదేశపు చలనచిత్రసంగీతమును మార్చివేసిన ఇరువురు ఒకే వ్యానులో ప్రయాణము చేసిరనుట తలచుకొన్న ముచ్చట యగును. ఆ బృందమును విడిచినను వారి స్నేహము, ఆ స్నేహములోని అలుకలు, పొత్తులు కూడ, కడవరకు నిలిచినవి.

1996లో ఈటీవీ తెరపై బాలసుబ్రహ్మణ్యముగారు ‘పాడుతా తీయగా’ మొదలిడిరి. అంతకు ముందటి యేడు హిందీలో ‘స రి గ మ’ పోటీ వచ్చియుండెను. ఇరువురకు తేడా యున్నది. మాకు తెలిసినంతలో ‘పాడుతా తీయగా’ పోటీరూపమున నడచిన పాఠశాల. పాడిన పిల్లను మెచ్చుకొని, ఆ పాట వ్రాసిన కవి యెవరు, ఆ పదమున కర్థమేమి, ఈ సంగతి యెట్లు పడినది, ఊపిరి ఎచ్చట తీయవలె నని ఆయన చెప్పుచుండగా పాటకంటె మాటకే ఎదురుచూచినవారు మాలో పెక్కుమంది. శ, ష, స మూడును కలగలిపినవారిని ఆయన నొప్పింపకయే దిద్దెడివారు. మల్లికార్జున్, గోపికా పూర్ణిమ, ఉష మున్నగువారు ఆ వేదికనుండి వచ్చి చలనచిత్రగాయకులైరి. ఆ కార్యక్రమము బృందమును కూర్చలేదు, ఒక్కొక్కరినే ఏరినది. ఈ లోపమును మేము లోపముగానే చెప్పుచున్నాము. కన్నడమునను ఆయన ‘ఎదె తుంబి హాడువెను’ అను కార్యక్రమమును నడపిరి. ఆ రెండింటిని ఒకే యింటిలో చూచినవారము గనుక చెప్పుచున్నాము. రెంటిలోను ఆయన పరాయివాడుగా కనబడలేదు. గానయోగి పంచాక్షరి గవాయి గారి జీవితముపై తీసిన కన్నడచిత్రమున పాడినందుకే ఆయనకు 1995 సంవత్సరపు జాతీయపురస్కారము వచ్చినది. కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్‌గారు పెక్కేండ్లు రాజ్‌కుమార్‌గారికి గొంతుగా నిలిచిన సంగతియు బళ్లారివారికి వేరుగ చెప్ప నక్కరలేదు. 2020 సెప్టెంబరు 25న బాలసుబ్రహ్మణ్యముగారు కన్నుమూసిన దినమున మా వీధిలో కన్నడమువారి యింటను, తెలుగువారి యింటను ఒక్కటే దుఃఖము. ఆ కార్యక్రమమును పిదప ఆయన కుమారుడు చరణ్ చేపట్టిరి.

‘పాడుతా తీయగా’ చూచి మా బాలబాలికలు పాటలు వ్రాసికొన్న నోటుపుస్తకములను మేము చూచితిమి. పాట తెలుగు, వ్రాత కన్నడలిపి. కన్నడమాధ్యమున చదివిన బిడ్డకు వచ్చిన అక్షరము లవియే మరి. రెండు లిపులును తోబుట్టువులే. తలకట్టు దగ్గరను, మరికొన్ని యక్షరములలోను తప్ప పెద్దభేదము లేదు. అందుచేత చాలవరకు పని జరిగిపోవును. కాని చుక్క, చూపు, చల్లని అను పదములలో తెలుగువాని నాలుక పలుకు ‘చ’ వేరు, కన్నడపు ‘చ’ వేరు. దంతముల కానించి పలుకు ఆ ధ్వనికి కన్నడలిపిలో గుర్తు లేదు. మన వర్ణమాలలో దానికై ౘ, ౙ లున్నవి గాని నేటి తెలుగుపుస్తకములలోను అవి కానరావు. ‘వచ్చాడు’ అనునపుడు ‘చా’ యందు వినిపించు వంపు స్వరమునకు రెండు లిపులలోను అక్షరమే లేదు. ఇవి పుస్తకమునుండి రావు, వినగా రావలెను, ఎవరైన సరిదిద్దగా రావలెను. అమ్మమ్మ ఇంట నున్నంతకాలము ఆమె దిద్దెడిది. ఆమె పోయిన పిదప వారమునకొక మారు తెరమీది బాలసుబ్రహ్మణ్యముగారు దిద్దిరి. ఇక నెవరు దిద్దుదురు?

2004లో ‘ఇండియన్ ఐడల్’ వచ్చుటతో పోటీల స్వభావము మారినది. పాటను విని తీర్పు చెప్పువారు న్యాయనిర్ణేతలు కారు, ఫోనునుండి సందేశము పంపు ప్రజలు. తెలుగువారి కిది కలిసివచ్చినదనియే చెప్పవలెను. కారుణ్య 2006లో రెండవ స్థానమున నిలిచెను. 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ విజేతలైరి. హిందీపాటలు పాడి, హిందీరాష్ట్రముల గాయకులను దాటి, మన పిల్లలు గెలిచిరని మేమును గర్వించితిమి. అయినను ప్రజాభిప్రాయముతో నడచు పోటీలో ఊరు, రాష్ట్రము, భాష అను లెక్కలు చొరబడక తప్పవు. మా బిడ్డ యని చెప్పుకొనుటకు ఒక రాష్ట్రము వెనుక నుండవలెను.

ఇచ్చటనే మా చిక్కు. మా పేటలోని ఒక యింటి బాలిక కొన్ని యేండ్ల క్రిందట తెలుగుపాటల పోటీ యెంపికకు పోయినది. ఏ సంస్థ యనునది ఇచ్చట ముఖ్యము కాదు. దరఖాస్తులో మాతృభాష తెలుగు, ఊరు బళ్లారి, రాష్ట్రము కర్ణాటక అని యున్నందున అచ్చటివారు ఆమెను, నీవు కన్నడపు పోటీకి పోరాదా యని యడిగిరట. మరుసటి యేడు కన్నడపు పోటీకి పోగా, ఇంట నే భాష మాటలాడెదరని యడిగిరట. రెంటను ఎవరును కఠినముగా పలుకలేదు. నవ్వుచునే యడిగిరి. బాలిక బాగుగనే పాడినది గాని రెంటను ముందుకు పోలేదు. తీర్పు తప్పని మే మనజాలము. ఆమెకంటె బాగుగ పాడినవా రుండవచ్చును. కాని యింటికి వచ్చి ఆమె తండ్రి నడిగిన ప్రశ్నయే మమ్ము ఈ వ్యాసమునకు పురికొల్పినది. ‘నాన్నగారూ, మనము ఎవరి లెక్కలోనివారము?’ అని యామె యడిగెను. తండ్రి జవాబు చెప్పలేదు.

గొప్పగొంతు గల ఏకాకి గాయకుడు ఎప్పటికైన ఊరు విడిచి పోవును, పోవలెను కూడ. బృందమట్లు కాదు. అది పుట్టిన వీధిలో నిలిచిన నిలుచును, లేదా చెదరును. టెలివిజనువారు కూర్చిన బృందములు చెదరుటకు వానికి వీధి లేకుండుటయే కారణమని మా తలంపు. వారి కౌలు కంపెనీతో, ఒకరితో నొకరికి కాదు. సరసవినోదిని, సుమనోరమలకు వీధి యుండెను. సురభికి ఇల్లుండెను. లిబర్టీ ఎక్స్ వారికి ఓటమిలో పుట్టిన చెలిమి యుండెను. మన సరిహద్దు తెలుగువారికి కావలసిన పోటీ ఏదైన నుండిన, అది ఒక్కరిని ఏరి పంపునది గాక ఐదారుగురిని కూర్చి నిలుపునది కావలెను. మన సంఘమువారు వార్షికపోటీలలో వ్యక్తిగతబహుమతులకు సమముగా బృందగానమునకును ఒక బహుమతి నుంచిన బాగుండును. అందు పాడు పాటలలో ఒకటి తెలుగు, ఒకటి కన్నడము ఉండిన మరియు బాగుండును. ఖర్చు పెద్దది కాదు. హార్మోనియము సంఘమునకున్నది, డోలక్కు తెచ్చుటకు మా పేటలో మనుష్యులున్నారు.

ఆ బాలిక నేడు కళాశాలలో చదువుచున్నది. ఆదివారములందు తన యింటి మిద్దెమీద ఏడుగురు చిన్నపిల్లలకు పాటలు నేర్పుచున్నది. అందు ఇరువురు కన్నడపు ఇండ్లవారు, ఒకరు ఉర్దూ మాటలాడు ఇంటివారు. మేము మొన్న ఆ మిద్దె నెక్కి చూచితిమి. పిల్లల చేతులలో కన్నడలిపి వ్రాతలే యుండెను. అందు కొన్ని ‘చ’ల క్రింద ఎఱ్ఱసిరాతో చుక్క పెట్టియుండెను. ఇదేమమ్మా యని యడిగితిమి. అది మా యమ్మమ్మ ‘చ’ అని చెప్పి, ఆ పంక్తిని పిల్లలచేత మరల పాడించుటకు పోయినది.